కొండ వెన్ను దాటిన కామాఠీలు

గత భాగంలో కామాఠీపుర గల్లీల పుట్టుక చూశాం. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగింది. బొంబాయి ద్వీపాల నడుమ చిత్తడి నేలలు మెల్లగా ఎండాయి. 18వ శతాబ్ది చివరి ఏళ్ల నుంచి నిజాం రాజ్యపు తెలుగు కూలీలు ఆ పల్లపు నేల మీద గుడిసెలు వేసుకున్నారు, వాళ్ల పేరే పేట పేరయింది. అంతవరకూ వచ్చాం. ఈ భాగంలో గల్లీలను వదిలి వెనక్కి, తూర్పు వైపు, కొండ దగ్గరికి వెళ్లాలి. ఇందూరు నుంచి బయల్దేరినా, కరీంనగర్ నుంచి బయల్దేరినా, పాలమూరు నుంచి బయల్దేరినా బొంబాయి చేరేవాడు ముందు సహ్యాద్రిని దాటాలి. దక్కను పీఠభూమి మీద పడమరకు నడిచేవాడికి అది చాలా దూరం వరకు కొండలాగే కనిపించదు. ఎక్కుతున్నట్టు తెలియకుండానే నేల ఎక్కుతుంది. ఖండాలా అంచుకు వచ్చేసరికి కాళ్ల ముందు నేల ఆగిపోతుంది; సుమారు రెండు వేల అడుగుల కింద కొంకణం పరుచుకుని ఉంటుంది. కామాఠీల కథను మనం ఎప్పుడూ బొంబాయిలో దిగిన దగ్గర మొదలుపెడుతున్నాం. ఈ అంచు దగ్గర మొదలుపెట్టాలని నా వాదన. ఇంకో అడుగు ముందుకు వేసి అంటాను: 19వ శతాబ్దపు పర్వతారోహణ చరిత్ర అని ప్రపంచం చెప్పుకునే కథలో సహ్యాద్రి ఘాట్లు తవ్విన కూలీలకు, వాళ్లతోపాటు ఆ ఘాట్ల మీదుగా వచ్చిపోయిన తెలుగువాళ్లకు, ఒక అధ్యాయం ఉండాలి. జాలిపడి ఇచ్చే చోటు కాదది. సాక్ష్యం చూస్తే అలా ఇవ్వక తప్పదు.

వాదనకు ముందు ఒక మాట అర్థం తేల్చుకోవాలి. కొండ ఎక్కేవాళ్లు 'ట్రావర్స్' అంటే, ఎక్కిన దారినే దిగి రావడం కాదు. ఒక వెన్ను పట్టుకుని ఎక్కి, శిఖరం దాటి, ఇంకో వెన్ను మీదుగా అవతలి దేశంలోకి దిగడం. దీనికి అందరికంటే పేరుపడ్డ ఉదాహరణ స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్. 4,478 మీటర్ల ఆ శిఖరానికి నాలుగు వెన్నులున్నాయి. ఈశాన్యాన హోర్న్‌లి వెన్ను స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వైపు దిగుతుంది. నైరుతిన సింహపు వెన్ను అనేది ఇటలీలోని బ్రయ్ వైపు దిగుతుంది. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం హోర్న్‌లి మీదుగా తొలిసారి శిఖరం చేరింది. దిగేటప్పుడు తాడు తెగి ఏడుగురిలో నలుగురు చనిపోయారు. మూడు రోజులకు, జులై 17న, బ్రయ్ వాసి జాన్ ఆంత్వాన్ కారెల్ ఇటలీ వైపు నుంచి ఎక్కాడు. రెండు దారులూ దొరికినా రెండింటినీ కలిపి కొండను ఈ దేశం నుంచి ఆ దేశానికి దాటిన వాడు మాత్రం అప్పటికి లేడు. ఆ పని 1868 జులైలో జాన్ టిండాల్ చేశాడు. పేరు మోసిన భౌతిక శాస్త్రవేత్త అతను. మాకిన్యా కుటుంబపు గైడ్లు ముందు నడవగా బ్రయ్ నుంచి సింహపు వెన్ను ఎక్కి, హోర్న్‌లి మీదుగా జెర్మాట్‌లో దిగాడు. అంతకు ముందు ఏడాది, 1867లో, ఇటలీ వెన్ను పైభాగంలో నేరుగా శిఖరానికి పోయే దారి కనిపెట్టిందీ ఆ మాకిన్యాలే. పుస్తకాల్లో మాత్రం ఈ ట్రావర్స్ టిండాల్ పేరు మీదే ఉంటుంది. ఆ టిండాల్ శాస్త్రవేత్త కాకముందు, 1840ల్లో, ఇంగ్లండులో రైలు మార్గాల సర్వే ఉద్యోగం చేసినవాడు. ఈ చిన్న సంగతి మనకు ముందు ముందు పనికొస్తుంది. కొండను కొలిచే కన్ను, కొండ మీద దారి వేసే కన్ను, కొండ ఎక్కే కన్ను ఆ తరంలో వేరువేరుగా లేవు.

ఇక తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆల్ప్స్ చరిత్రకారులు 1854 నుంచి 1865 వరకు ఉన్న పదకొండేళ్లను పర్వతారోహణకు స్వర్ణయుగం అంటారు. వెటర్‌హార్న్‌తో మొదలై మాటర్‌హార్న్‌తో ముగిసిన కాలం అది. లండన్‌లో ఆల్పైన్ క్లబ్ 1857 డిసెంబరులో పుట్టింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే సహ్యాద్రిని ఎక్కుతోంది. ఖండాలా దగ్గరి భోర్ ఘాట్ పని 1856 జనవరిలో మొదలై 1863 ఏప్రిల్ 21న ముగిసింది. ఉత్తరాన కసారా, ఇగత్‌పురీల నడుమ ఉన్న థల్ ఘాట్ 1865 జనవరి 1న తెరుచుకుంది. టిండాల్ 1861 ఆగస్టులో వైస్‌హార్న్ శిఖరం తొలిసారి ఎక్కి పేరు తెచ్చుకున్నాడు. అదే ఏడాది జనవరిలో భోర్ ఘాట్ మీద 42,000 మంది కూలీలు పనిచేస్తున్నారు. ఇందులో ఆడవాళ్లూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. ఆల్ప్స్ స్వర్ణయుగంలో కొత్త శిఖరాలెక్కిన వాళ్లందరినీ గైడ్లతో సహా ఒకచోట నిలబెట్టినా, భోర్ ఘాట్‌లో ఒక మలుపు దగ్గర మట్టి మోస్తున్న గుంపుకు సరితూగరు. అయినా ఆ పదకొండేళ్లలో మనుషులు కొండతో ఏం చేశారని అడిగితే ప్రపంచం ఆల్ప్స్ వైపే వేలు చూపుతుంది.

భోర్ ఘాట్ మార్గం స్వరూపం తెలిస్తే ఈ పోలిక మాటవరసకు చేసింది కాదని అర్థమవుతుంది. దారి పొడవు 15 మైళ్ల 68 చెయిన్లు, ఎక్కిన ఎత్తు 1,831 అడుగులు, సొరంగాలు 25, రాతి వయాడక్టులు ఎనిమిది. అత్యంత నిటారైన చోట వాలు 37కి ఒకటి, అంటే 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. చీఫ్ ఇంజనీరు జేమ్స్ జాన్ బర్క్‌లీ ఎంచుకున్న పద్ధతి ఏమిటంటే, సహ్యాద్రి ప్రధాన గోడను ఎదురుగా ఢీకొనకుండా, దాని నుంచి కొంకణం వైపు చాచుకుని వచ్చిన ఒక పక్క వెన్నును పట్టుకోవడం. కర్జత్ దాటాక పట్టాలు ఆ వెన్ను పక్కనే ఒరుసుకుంటూ, లోయలను వయాడక్టులతో దాటుతూ, అడ్డం వచ్చిన మొనలను సొరంగాలతో తొలుస్తూ ఎక్కుతాయి. ఖండాలా దిగువన వెన్ను మరీ సన్నబడి, రైలు తిరగడానికి వంపు వేసేంత చోటు లేకపోయింది. అక్కడ రివర్సింగ్ స్టేషన్ కట్టారు. రైలు వెన్ను కొస దాకా వెళ్లి ఆగుతుంది. ఇంజన్ విప్పి రెండో చివర తగిలిస్తారు. వచ్చిన రైలు వెనుదిరిగి, ఇంకో చెంప మీదుగా పైకి పోతుంది. వెన్ను పట్టి ఎక్కడం, మొన దగ్గర దిక్కు మార్చడం, చెంప మారి ముందుకు సాగడం: ఆల్ప్స్ గైడు కాళ్లతో చేసే పనిని ఇక్కడ రైలు చేత చేయించారు. రైలు కంటే ముందు ఆ దారిన మనుషులు వెళ్లాలి కదా! దక్కను నల్లరాయి మెట్లుమెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టూ నిలువు గోడ. కాలు మోపే చోటు లేని గోడల మీద తొలి రంధ్రాలు వేయడానికి కూలీలను పైనుంచి తాళ్లు కట్టి దించారు. గాలిలో వేలాడుతూ ఉలి పట్టి, సమ్మెట కొట్టి, ఆ రంధ్రంలో తుపాకి మందు కూరి వెలిగించాలి. డైనమైట్ అప్పటికి పుట్టలేదు. హోర్న్‌లి మీద వింపర్ నడుముకు ఉన్నదీ తాడే, ఈ కూలీ నడుముకు ఉన్నదీ తాడే. వింపర్ తాడు తెగిన కథ ప్రపంచమంతా తెలుసు. ఆ తెగిన తాడు ముక్కను జెర్మాట్ మ్యూజియంలో భద్రంగా దాచారు.

ఈ పనికి ఎంత మంది బలయ్యారో లెక్కలు రకరకాలుగా చెబుతారు. వేల మంది అన్నది మాత్రం నిర్వివాదం. ప్రమాదాల కంటే ఎక్కువ మందిని తీసుకుపోయినవి కలరా, చలిజ్వరం. ఏటా నాలుగు వేల మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోటు అది. వానాకాలం నాలుగు నెలలూ పని ఆగేది, మళ్లీ గుంపులు చేరేవి, గుంపులతో పాటే కలరా. మొదటి కాంట్రాక్టరు ఫావియెల్, బొంబాయి నుంచి ఠాణా వరకు దేశంలో మొదటి రైలు దారి వేసినవాడే. అతని కింద కూలి సరిగా అందక, అందినదీ తక్కువై, 1859 జనవరిలో కూలీలు తిరగబడ్డారు. రెండు నెలల్లో కాంట్రాక్టు అతని చేయి జారింది. తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ భారతదేశంలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే చనిపోతే, అతని భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టు వదులుకోకుండా ఇద్దరు ఇంజనీర్ల సాయంతో పని ముగించింది. ఇది నిజంగా గొప్ప కథే, ఇంగ్లీషులో చాలాసార్లు చెప్పారు. దీని పక్కన ఇంకో సంగతి పెట్టాలి. ఇలాంటి రైల్వే పనుల గొడవల వల్లే 1860లో తొమ్మిదో చట్టం వచ్చింది. కూలి తగాదాలను మేజిస్ట్రేటు తొందరగా తేల్చాలన్నది దాని ఒక ముఖం. పని మధ్యలో వదిలేసిన కూలీని శిక్షించవచ్చన్నది రెండో ముఖం. ఆల్ప్స్‌లో గైడుకు ముందున్న కొండ నచ్చకపోతే వెనుదిరిగే హక్కు ఉంది. మాటర్‌హార్న్ మీద అలా వెనుదిరిగిన వాళ్లు ఎందరో. 1860 తర్వాత మన ఘాట్ల మీది కూలీకి ఆ హక్కు చట్టం చేతిలో చిక్కుకుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా సరే, ఇందులో తెలుగువాళ్లెక్కడ? భోర్ ఘాట్ కూలీల్లో అధికులు చుట్టుపక్కల మరాఠీ జిల్లాల వాళ్లు కదా అని అడగవచ్చు. అది నిజమే. ప్రతి సొరంగంలోనూ కామాఠీ సమ్మెటే మోగిందని నేననను. నా సాక్ష్యం రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి వడ్డెరలు. తెలుగు మాట్లాడే ఈ మట్టిపని, రాతిపని వాళ్లు 19వ శతాబ్దపు దక్కనులో రైలు కట్టలు, కాలువలు, చెరువులు ఎక్కడుంటే అక్కడికి కుటుంబాలతో, గాడిదలతో, గడ్డపారలతో కదిలేవారు. రైల్వే ఇంజనీర్లు దేశంలోని కూలీల గురించి రాసినప్పుడు, రోజుకూలి కాకుండా తవ్విన కొలతను బట్టి డబ్బు తీసుకునే నేర్పరి గుంపులుగా వీళ్లను ప్రత్యేకించి పేర్కొన్నారు. గోతి మధ్యలో తవ్వకుండా వదిలిన మట్టి దిమ్మ చూసి లోతు కొలిచే పద్ధతి మన పల్లెల్లో ఎవరికి తెలియదు? రెండోది కామాఠీలు. మరాఠీ వాళ్లు తెలుగు నేల నుంచి వచ్చిన పనివాడికి పెట్టిన పేరే కామాఠీ. బొంబాయి, పుణె గెజిటీర్లు ఇద్దరి గురించీ వేరువేరుగా రాస్తూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కామాఠీలు తాపీ పని, రాళ్ల పని, మోత పని చేస్తారని నమోదు చేశాయి. పుణె ఘాటు పైన, బొంబాయి ఘాటు కింద. రెండు ఊళ్లలోనూ ఒకే జనం ఒకే పనిలో స్థిరపడ్డారంటే, రెంటి నడుమ ఉన్న కొండ వాళ్లకు గోడ కాదు, వచ్చిపోయే దారి. అదీ రైలు పట్టాలు పడక ముందు నుంచే. 1804లో వెల్లెస్లీ సైన్యం ఫిరంగుల కోసం వేసిన దారి, 1830లో గవర్నరు జాన్ మాల్కం కాలంలో బండ్లకు వీలుగా తెరిచిన దారి, ఇవేవీ లేని రోజుల్లోనే తొలి కామాఠీలు కామాఠీపురం చేరారు. ఎద్దుల మీద సరుకు దిగే కనుమల్లో, తలల మీద మూటలతో దిగి వచ్చినవాళ్లు వాళ్లు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బతుకుతెరువు కోసం కనుమ దాటడం, కూలి కోసం కొండ తవ్వడం పర్వతారోహణ ఎలా అవుతుంది? పర్వతారోహణ అంటే అవసరం లేకపోయినా ఎక్కడం కదా, ఆ స్వేచ్ఛలోనే దాని విలువ ఉంది కదా అంటారు. దీన్ని తేలిగ్గా తోసెయ్యలేను. శిఖరం కోసమే శిఖరం ఎక్కాలనుకోవడం మనిషి చేసిన గొప్ప ఆలోచనల్లో ఒకటి. కానీ మాటర్‌హార్న్ మీదే ఈ నిర్వచనాన్ని పరీక్షిస్తే ఎవరు మిగులుతారు? తాడుకు ముందు భాగాన ఉన్న మిషెల్ క్రో షమోనీ గైడు, కూలికి వచ్చినవాడు. వింపర్ బృందంలో పడి చనిపోయిన నలుగురిలో ఒకడు. అదే బృందంలోని టౌగ్‌వాల్డర్ తండ్రీకొడుకులు కూలికి వచ్చినవాళ్లు. టిండాల్‌ను దాటించిన మాకిన్యాలు కూలికి వచ్చినవాళ్లు. కారెల్ అయితే 1890లో, అదే ఇటలీ వెన్ను మీద తుపానులో చిక్కి, తనను నమ్ముకున్న వాళ్లను కిందికి క్షేమంగా చేర్చి, కొండ పాదం దగ్గర అలసటతో ప్రాణం విడిచాడు. అది అతని కొండ, అతని ఉద్యోగం కూడా. అవసరం లేనివాళ్లే ఆరోహకులు అనుకుంటే, మాటర్‌హార్న్ చరిత్ర నుంచి దాని అత్యుత్తములందరినీ కొట్టేయాలి. ఆల్పైన్ క్లబ్ నిజంగానే ఆ పని చేసింది: దాని సభ్యులు పెద్దమనుషులు, గైడ్లకు అందులో చోటు లేదు. ఆ కొట్టివేతను తర్వాతి చరిత్రకారులు సరిదిద్దారు. ఇవాళ కారెల్ పేరు లేకుండా మాటర్‌హార్న్ గురించి ఎవరూ రాయరు. గైడ్ల విషయంలో జరిగిన దిద్దుబాటు ఘాట్ల విషయంలో ఎందుకు జరగకూడదు?

ఎత్తు మాటేమిటి, మంచు మాటేమిటి అనేది మూడో అభ్యంతరం. రెండు వేల అడుగుల సహ్యాద్రి అంచుకూ, పద్నాలుగు వేల అడుగులు దాటిన మాటర్‌హార్న్‌కూ పోలిక ఉందా? ఎత్తులో లేదు. హిమానీనదం, పలుచని గాలి, గడ్డకట్టే చలి ఇక్కడ లేవు. ఆ మేరకు ఒప్పుకుంటాను. అయితే ఎత్తు ఒక్కటే కొలమానమైతే మాటర్‌హార్న్ కూడా ఆల్ప్స్‌లో అన్నిటికంటే ఎత్తైనది కాదు. దానికి పేరు తెచ్చింది దాని వెన్నుల కాఠిన్యం, అక్కడ చచ్చిపోయిన మనుషులు. కష్టం, ప్రమాదం, నేర్పు అనే మూడింటిలో ఏది తీసుకున్నా తాడు మీద వేలాడుతూ నల్లరాతి గోడకు రంధ్రం వేసినవాడు తక్కువ తినడు. నిజానికి నాకు అసలైన తేడాగా తోచేది వేరే ఉంది. శిఖరం ఎక్కినవాడు దిగి వచ్చాక కొండ ఎప్పటిలాగే ఉంటుంది. ఘాటు తవ్వినవాడి తర్వాత కొండ మునుపటిలా ఉండదు. వాడి వెనుక లక్షల మంది దాటతారు. ఇది తక్కువ రకం ఆరోహణ అనడానికి నాకు కారణం కనిపించదు. పైగా మాటర్‌హార్న్ కూడా అదే దారి పట్టింది. 1860ల చివరికే రెండు వెన్నుల మీదా రాతి గుడిసెలు లేచాయి, కఠినమైన చోట్ల తాళ్లు, తర్వాత గొలుసులు బిగించారు. ఇవాళ సింహపు వెన్ను ఎక్కి హోర్న్‌లి మీద దిగే ప్రతి ఒక్కరూ ఎవరో బిగించిన తాడు పట్టుకునే వెళ్తారు. వెన్ను దాటడం అంటే, చివరికి, ముందు వెళ్లినవాడు వదిలిన దాన్ని పట్టుకోవడమే.

వలస పాలకుల రైలును పొగుడుతున్నానని ఎవరైనా అనుకుంటే, అదీ సరిచేయాలి. భోర్ ఘాట్ కూలీల మేలు కోసం వేసింది కాదు. దక్కను పత్తి బొంబాయి రేవుకు చేరి అక్కడి నుంచి లంకషైర్ మిల్లులకు పోవాలి. సైన్యం పుణెకు తొందరగా చేరాలి. పని ఎంత హడావిడిగా జరిగిందంటే, ప్రారంభమైన నాలుగేళ్లకే, 1867 జులైలో, మావ్ కీ మలీ వయాడక్టు కూలిపోయింది. గొప్పతనమంతా రైల్వే కంపెనీదే అని రాసిన పుస్తకాలున్నాయి, పాపమంతా కంపెనీదే అని రాసినవీ ఉన్నాయి. రెండు రకాల పుస్తకాల్లోనూ కూలీ మాత్రం లెక్కల్లో ఒక అంకెగానే మిగిలాడు. కంపెనీ ఉద్దేశం ఒకటి, ఆ గోడ మీద నిలబడిన మనిషి నేర్పు మరొకటి. మొదటిదాన్ని ఖండిస్తూ రెండోదాన్ని గౌరవించడం కష్టమేమీ కాదు.

ఘాటు తెరుచుకున్నాక ఏం జరిగిందన్నది మన చాల్‌ల (కూలీల ఒంటిగది ఇళ్ల వరుసల) చరిత్రకు అసలు కీలకం. రైలు 1871లో రాయచూరు చేరింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు కలిసింది. దాంతో తెలంగాణ మనిషికి సహ్యాద్రి ట్రావర్స్ వారాల నడక నుంచి టికెట్టు అయింది. 1900 నాటికి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వరకు ఇంకో దారి పడింది. అది థల్ ఘాట్ మీదుగా బొంబాయిలో దిగుతుంది. కొండకు రెండు వెన్నులున్నట్టు తెలంగాణకు బొంబాయి వైపు రెండు దారులు ఏర్పడ్డాయి: సోలాపూర్, పుణెల మీదుగా భోర్ ఘాట్, మన్మాడ్, నాసిక్‌ల మీదుగా థల్ ఘాట్. ఇవాళ్టికీ హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మొదటి దారిన, దేవగిరి ఎక్స్‌ప్రెస్ రెండో దారిన పోతాయి. కామాఠీపురంలో తాపీ మేస్త్రీలు, వర్లీ, లోయర్ పరేల్ మిల్లు చాల్‌లలో పద్మశాలి మగ్గపు పనివాళ్లు, బీడీడీ చాల్‌లలో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు, అందరి వెనుకా ఈ రెండు ఘాట్లున్నాయి. చాల్‌ గది పది అడుగులకు పది అడుగులే అయినా, అక్కడ ఉండగలగడానికి కారణం ఊరికి తిరిగి వెళ్లే దారి ఉండడం. ఎండాకాలం పెళ్లిళ్లకు, పండగలకు, నాట్లకు కొండెక్కి వెళ్లి మళ్లీ కొండ దిగి రావడం వల్లే వాళ్లు బొంబాయి వాళ్లు కాగలిగారు, ఊరివాళ్లుగానూ మిగిలారు. ఎక్కినవైపే దిగిపోతే అది యాత్ర. రెండు వైపులా ఇల్లున్నవాడిదే ట్రావర్స్.

ఆ కూలీల్లోంచే కాంట్రాక్టర్లు కూడా లేచారు, ఇది చెప్పకపోతే కథ సగమే. 1870, 80ల బొంబాయిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, నాగు సయాజీ, జయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాలేవార్ వంటి తెలుగు కాంట్రాక్టర్లు పెద్ద కట్టడాల పనులు చేపట్టారు. ప్రభాదేవిలో నాగు సయాజీ వాడి పేరు ఇవాళ్టికీ ఉంది. వీళ్లే జ్యోతిరావ్ ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. వాళ్లు ఫూలేకు దగ్గరవడానికి కులం ఒక కారణమైతే, వృత్తి ఇంకో కారణమని నాకనిపిస్తుంది. ఫూలే స్వయంగా కాంట్రాక్టరు. పుణె దక్షిణాన సహ్యాద్రి పాయను తొలిచిన కాత్రజ్ సొరంగం పనుల్లో ఆయన చేయి ఉంది. కొండ తవ్వించినవాడికి కూలీ ఒళ్లు ఎలా హూనమవుతుందో, లెక్కలు రాసే గుమాస్తా ఎక్కడ కాజేస్తాడో చెప్పనక్కర్లేదు. 1883లో ఆయన రాసిన 'షేత్కర్యాచా ఆసూడ్' వెనుక ఈ అనుభవం కూడా ఉందని నేను నమ్ముతాను.

ఇప్పుడు అసలు శిఖరాల మాట. తెలుగువాళ్ల పేర్లు శిఖరాల మీద వినిపించడం ఈ మధ్య సంగతి. 1985లో ఎవరెస్టు మీద భారత సైన్యపు యాత్రలో ప్రాణాలిచ్చిన అయిదుగురిలో లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు ఒకరు, కోరుకొండ సైనిక్ స్కూలు పూర్వ విద్యార్థి. అదే స్కూలులో చదివిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి, 2015లో ఆండీస్‌లో మరణించాడు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం చేరింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు; వెంట ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్. వాళ్లు వెళ్లింది టిబెట్ వైపు నుంచి, నార్త్ కోల్ మీదుగా ఈశాన్యపు వెన్ను దారి. ఆ వెన్ను మీద సెకండ్ స్టెప్ అనే నిలువు గోడకు 1975లో చైనా యాత్ర బిగించిన నిచ్చెన చాలా ఏళ్లు అందరికీ దారి. 2014లోనే ఏప్రిల్ 18న నేపాల్ వైపు, ఇతరుల కోసం సామాన్లు మోస్తూ దారి సిద్ధం చేస్తున్న 16 మంది మంచు కూలి చనిపోయారు. ఆ ఏడాది ఆ వైపు యాత్రలు దాదాపు ఆగిపోయాయి. పూర్ణ సాహసాన్ని ఈ వివరాలు ఇసుమంతైనా తగ్గించవు. భువనగిరి ఏకశిల మీద వేళ్లు అరగదీసుకుని ఎక్కడం నేర్చుకున్న పిల్ల ఆమె. ఆ గోడ మీద ఆమె కాళ్లు ఆమెవే. కానీ ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలని, ఆమె ఊరు నిజామాబాద్ జిల్లాదని గుర్తుచేసుకుంటే, నాకు ఈ కథ 2014లో మొదలైనట్టు అనిపించదు. తరతరాలుగా బొంబాయి రైలెక్కి, థల్ ఘాటు దిగి వెళ్లిన జిల్లా అది. తెలుగు కూలీ బిడ్డ కొండకు కొత్త కాదు; కొండ మీద పేరు రాయించుకోవడమే కొత్త.

సహ్యాద్రి వెన్ను మీద పేరు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పి ముగిస్తాను. భోర్ ఘాట్ పాత రివర్సింగ్ దారిని రైల్వే 1920ల చివర వదిలేసి కొత్త సొరంగాల్లోంచి పట్టాలు వేసుకుంది. వాలు మాత్రం పోలేదు. ఇవాళ్టికీ కర్జత్‌లో, కసారాలో రైలు వెనుక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి కొండ మీదికి నెట్టిస్తారు. వదిలేసిన ఆ దారి దగ్గర, ముంబై పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద, బ్రిటిష్ కాలపు రాతి వంతెన ఒకటి ఉండేది. దాని మీద ఏళ్ల తరబడి ఉన్న ప్రకటన బోర్డు వల్ల జనం దాన్ని అమృతాంజనం వంతెన అన్నారు. డ్రైవర్లు, పోలీసులు, చివరికి ప్రభుత్వ కాగితాలు కూడా ఆ పేరే వాడాయి. ఆ నొప్పి మందును 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు. తర్వాత 1908లో ఆంధ్రపత్రికను కూడా ఆ ఊళ్లోనే స్థాపించారు. మూటలు మోసి మెడలు పట్టేసిన వాళ్లు నిండిన ఊళ్లో పుట్టిన మందు అది. ఘాటు తవ్విన ఏ కూలీ పేరూ ఆ వెన్ను మీద నిలవలేదు. నిలిచిన ఒక్క తెలుగు పేరు ఆ వంతెనది. 2020 ఏప్రిల్ మొదటి వారంలో, లాక్‌డౌన్ వల్ల రోడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో, పేలుడు మందు పెట్టి ఆ వంతెనను కూల్చేశారు. అయినా ఘాటు దిగే బస్సులు, లారీల వాళ్లు ఇప్పటికీ ఆ మలుపును అమృతాంజనం అనే పిలుస్తున్నారు.